పానీయాల సీసాలకు ఫ్లిప్ మూతలు, వాటి శుభ్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లాస్టిక్ మూతల డిజైన్, వాటిని పోసే అచ్చుల, అంటే మౌల్డుల పని నాది. సొంతంగా జ్యూసో మజ్జిగో సీసాల్లో అమ్మాలనుకునేవాళ్లు, డిప్లొమా ప్రాజెక్టు చేసే పిల్లలు, బడి బాటిల్ మూతలో నల్ల మచ్చలు చూసి హడలిపోయిన తల్లులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఫ్లిప్ మూత అంటే ఏది?

సీసా నుంచి ఊడి రాకుండా, తలుపులా ఒక పక్క బందు మీద తెరుచుకునే మూత. సాస్ సీసా మీదా, షాంపూ డబ్బా మీదా చూసే ఉంటారు. పానీయాలకు వాడినప్పుడు లెక్క మారిపోతుంది. షాంపూ డబ్బాను ఎవరూ నోట్లో పెట్టుకోరు కదా.

మర మూతకన్నా ఇది శుభ్రమేనా?

దానంతట అదే శుభ్రం కాదు. మర మూతతో వచ్చే ఇబ్బంది దాన్ని తీసి ఎక్కడ పెడతామన్నది. బస్సులోనైతే సీటు మీదో ఒళ్లోనో పెడతాం, లేదా జేబులో వేసుకుంటాం. లోపలి వైపు కిందికి ఆనుతుంది, మళ్లీ అదే తెచ్చి బిగిస్తాం. ఫ్లిప్ మూత ఈ గొడవ లేకుండా చేస్తుంది. కానీ బదులుగా ఇంకో గొడవ తెస్తుంది. మర మూత విప్పితే లోపలంతా కంటికి కనిపిస్తుంది, వేలు పెట్టి రుద్దొచ్చు. ఫ్లిప్ మూతలో బందు, వేలితో ఎత్తే నాలుక, రింగు, చిన్న చిన్న సందులు ఉంటాయి. అక్కడికి వేలు పోదు, చూపూ పోదు.

మన పాత మరచెంబును గుర్తు చేసుకోండి. దానికీ మర మూతే, రైల్లో దాన్నీ ఒళ్లో పెట్టుకునేవారు. అయినా నీళ్లు పాడయ్యేవి కావు. ఎందుకంటే నీళ్లు ఎత్తి పోసుకునేవారు తప్ప కరిచి తాగేవారు కాదు, ఎంగిలి అంటేది కాదు. ఇంటికొచ్చాక చింతపండుతో తోమి, ఎండలో బోర్లించేవారు. శుభ్రత సగం తాగే పద్ధతిలో ఉండేది, సగం ఆరబెట్టడంలో ఉండేది. ఇప్పుడు అందరం సీసాను నోట్లో పెట్టుకునే తాగుతున్నాం కాబట్టి ఆ రెండు పనులూ మూతే చెయ్యాలి. ఏ డిజైన్ నా దగ్గరికి వచ్చినా నేను ముందు రెండే చూస్తాను. వేలు తగిలే చోట పెదవి తగులుతోందా? కడిగాక నీళ్లు ఎక్కడైనా నిలుస్తున్నాయా?

వేలు, పెదవి సంగతి కొంచెం వివరంగా చెప్పండి.

గోలీసోడా చూడండి. హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. గ్యాస్ ఒత్తిడే గోలీని పైకి నెట్టి, మెడలోని రబ్బరు రింగుకు ఆనించి మూసేస్తుంది. విడిగా మూతే అక్కర్లేదు, ఆలోచన మహా తెలివైనది. కానీ బండి దగ్గర కుర్రాడు బొటనవేలితో గోలీని టప్పున లోపలికి నొక్కుతాడు. ఆ వేలు తగిలిన గాజు అంచు మీదే మన పెదవి ఆనుతుంది, ఆ గోలీని తడుపుకుంటూనే సోడా వస్తుంది. పైగా గోలీ ఆగడానికి మెడను నొక్కినట్టు చేస్తారు కాబట్టి అక్కడ బ్రష్షు సరిగా తిరగదు. నాకు గోలీసోడా ఇష్టమే. డిజైన్ గురించి మాట్లాడాల్సి వస్తే మాత్రం నా రెండు ప్రశ్నలకూ అది ఫెయిలే.

ఇప్పుడు ఫ్లిప్ మూతకు వద్దాం. బొటనవేలితో ఎత్తే నాలుక బందుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మనం తాగేదీ ఆ వైపు నుంచే. కాబట్టి వేలు జారితే నేరుగా తాగే మూతి మీదే పడుతుంది. దీన్ని తప్పించడానికి మూడు పనులు చెయ్యొచ్చు. నాలుకను మూత అంచుకన్నా కాస్త బయటికి పెట్టి, దాని కింద వేలు పట్టేంత గుంట ఇవ్వాలి. అప్పుడు గోరు పెట్టి పెకిలించే అవసరం రాదు. తాగే మూతిని అంచు నుంచి లోపలికి జరిపి, చుట్టూ చిన్న గోడ కట్టాలి. మూసి ఉన్నప్పుడు పై మూత ఆ మూతిని టోపీలా మొత్తంగా కప్పాలి. పైన బిరడాలా ఊరికే కూర్చుంటే చాలదు. లారీలో, కొట్టులో, ఫ్రిజ్‌లో పడే దుమ్మంతా టోపీ మీదే ఆగిపోవాలి.

డబ్బా డ్రింకులు తాగేటప్పుడు పైభాగం తుడవమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. 1975 నుంచి వచ్చిన డబ్బాల్లో రింగు ఊడదు, రేకు లోపలికి మడుచుకుంటుంది. అంతకుముందు ఊడొచ్చిన రింగులు ఇసుకలో పడి కాళ్లు కోసేవి, ఆ బాధ తప్పింది. కానీ అప్పటిదాకా బయట దుమ్ములో ఉన్న రేకు ఇప్పుడు నేరుగా డ్రింకులో మునుగుతుంది. ఒక సమస్య తీరిస్తే ఇంకొకటి లేవడం మా పనిలో మామూలే.

నీళ్లు నిలిచే చోట్లు ఏవి?

ఇది నా సొంత తప్పుతో చెప్తాను. చాలా ఏళ్ల కింద ఒక మజ్జిగ సీసాకు మూత గీశాను. బందు బాగుంది, మూత టక్కుమని పడేది. పై మూత వంగిపోకుండా లోపలి వైపు నాలుగు రిబ్బులు, అంటే సన్నటి గట్లు, పెట్టాను. డ్రాయింగులో అందంగా ఉన్నాయి. సీసా అటూ ఇటూ ఊగినప్పుడల్లా మజ్జిగ ఆ రిబ్బుల మధ్య గదుల్లోకి ఎగిరి ఎండిపోయేది. రెండో రోజు మూత తీస్తే గుప్పున పులిసిన వాసన. లోపల మజ్జిగ బానే ఉంది, మూతే కంపు. మౌల్డు అప్పటికే తయారైపోయింది. రిబ్బులు తీసేస్తే మూత వంగుతుంది, ఉంచితే వాసన. చివరికి పై మూతను కాస్త గోపురంలా వంచి, రిబ్బులు లేకుండానే గట్టిదనం తెచ్చాం. ఆ డబ్బు నా జేబులోంచే పోయింది.

అప్పటి నుంచి మూత లోపలి వైపు రిబ్బు కనిపిస్తే నాకు టెన్షనే. గట్టిదనం కావాలంటే ఆకారంలో తీసుకురండి, లేదా రిబ్బులను బయటి వైపు పెట్టండి.

మిగతా చోట్లు: వాషర్ కూర్చునే గాడి, స్ట్రా గుచ్చుకునే గొట్టం అడుగు, గాలి లోపలికి వెళ్లే చిన్న రంధ్రం, బందు మడత, స్ప్రింగు బటన్ వెనక బోలు. వీటన్నిటికీ మందు ఒకటే. మూలలు నిలువుగా తెగినట్టు ఉండకూడదు, గుండ్రంగా ఉండాలి. ఆహార యంత్రాలకు శుభ్రత నియమాలు రాసే యూరప్ సంస్థ ఈహెచ్ఈడీజీ లోపలి మూలలకు కనీసం 3 మిల్లీమీటర్ల గుండ్రం ఉంటే మంచిదంటుంది, ఉపరితలం గరుకు 0.8 మైక్రాన్లు దాటకూడదంటుంది. అవి పాల ట్యాంకుల్లాంటి యంత్రాలకు పెట్టిన లెక్కలు. 30 మిల్లీమీటర్ల మూతలో ప్రతి మూలకూ 3 ఇవ్వలేం. కుదిరిన చోట 1 అయినా ఇవ్వండి. ఏమీ ఇవ్వకుండా వదిలేస్తే అక్కడ జిగురు పొర కడుతుంది. ఒకసారి కట్టిన పొర ఊరికే నీళ్లు పోసి ఊపితే పోదు, రుద్దాల్సిందే.

తీపి పానీయాలకు ఇంకో చిక్కు ఉంది. పోశాక చివరి చుక్క మూతి బయటి అంచు వెంట జారి, బందు దగ్గర ఆగుతుంది. సాయంత్రానికి చీమలు బారులు కడతాయి. మూతి అంచు గుండ్రంగా ఉంటే చుక్క దాన్ని అంటిపెట్టుకుని కిందికి జారుతుంది, అంచు పదునుగా ఉంటే తెగి లోపలికి పోతుంది. కానీ పదును పెదవికి గుచ్చుకోకూడదు. అందుకని గ్లాసులో పోసుకునే సీసాకు పదును అంచు, నోట్లో పెట్టుకునే సీసాకు గుండ్రని అంచు. రెండూ ఒకే మూతలో అడిగితే కుదరదు.

బందు అన్నిసార్లు మడిచినా ఎందుకు విరగదు?

ఒక్కసారి వాడి పారేసే సీసా మూతల్లో విడిగా బందు ఉండదు. పై మూత, కింది మూత, వాటి మధ్య పల్చటి పట్టీ అన్నీ ఒకే ముక్క. ఆ పట్టీ మందం చాలావరకు 0.25 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. దీనికి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను మించింది లేదు. మౌల్డులోంచి బయటికి రాగానే, వేడి పూర్తిగా ఆరకముందే ఒకసారి మడవాలి. అప్పుడు పట్టీలోని పొడవాటి అణువులు నారపోగుల్లా ఒకే వైపుకు సర్దుకుంటాయి. ఆ తర్వాత వేలసార్లు తెరిచి మూసినా తెగదు. ఆ మొదటి మడత సరిగా పడకపోతే కొద్ది రోజులకే పట్టీ మీద తెల్లటి గీతలు వస్తాయి.

అసలు ప్రాణం గేటు దగ్గర ఉంది. కరిగిన ప్లాస్టిక్ మౌల్డులోకి దూరే చోటును గేటు అంటాం. అక్కడి నుంచి ప్లాస్టిక్ పట్టీని అడ్డంగా దాటుకుంటూ అవతలి వైపుకు పారాలి. గేటు తప్పు చోట పెడితే రెండు వైపుల నుంచి వచ్చిన ప్రవాహాలు సరిగ్గా పట్టీ మీద కలుస్తాయి. ఆ అతుకు గీత మీదే బందు చిరుగుతుంది. చాలామంది దీన్ని సరుకు నాసిరకం అనుకుని సరుకు మారుస్తారు. సరుకు మార్చే ముందు గేటు చూడండి.

శుభ్రత వైపు నుంచి చూస్తే ఈ ఒకే ముక్క బందు చాలా మంచిది. మేకు లేదు, సందు లేదు, తుప్పు లేదు.

మరి రోజూ వాడే స్టీలు, ప్లాస్టిక్ బాటిళ్లలో మేకు బందు ఎందుకు పెడతారు?

ఏళ్ల తరబడి వాడాలి, స్ప్రింగుతో ఎగిరి తెరుచుకోవాలి, కొనేవాళ్లకు అదే ముచ్చట. సరే పెట్టండి. కానీ మేకును చేత్తో తీసి, మూతను విడదీసి కడిగేలా పెట్టండి. బటన్ వెనక బోలును పూర్తిగా మూసెయ్యండి, లేదా పూర్తిగా తెరిచి ఉంచండి. సగం మూసినదే ప్రమాదం. నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. దుకాణంలో బాటిల్ కొనేటప్పుడు నేను చూసేది ఒక్కటే. మూతలో ఎన్ని ముక్కలున్నాయో, వాటిలో ఎన్ని నా చేతికి ఊడొస్తాయో.

ఫ్రీజర్‌లో పెడితే మూత విరిగింది. ఎందుకు?

మామూలు పాలీప్రొపిలీన్ సున్నా డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి పెళుసు అవుతుంది. చలిలో వాడే వాటికి కోపాలిమర్ రకం, అంటే పెళుసుతనం తగ్గేలా ఇంకో సరుకు కలిపి చేసిన పాలీప్రొపిలీన్, అడగండి.

సోడా, కూల్‌డ్రింకులకు ఇలా టక్కుమని పడే మూత పెట్టొచ్చా?

వద్దు. లెక్క వేసి చూడండి. బాగా గ్యాస్ పట్టించిన డ్రింకులో, గది వేడిలో, చదరపు సెంటీమీటరుకు సుమారు 4 కిలోల ఒత్తిడి ఉంటుంది. సీసా నోరు లోపలి వ్యాసం దాదాపు 22 మిల్లీమీటర్లు, అంటే 3.8 చదరపు సెంటీమీటర్లు. మూతను కింద నుంచి సుమారు 15 కిలోల బలం తోస్తున్నట్టు. మే నెలలో ఆటోలో పెట్టుకెళ్తే ఇంకా ఎక్కువ. చిన్న ప్లాస్టిక్ కొక్కెం దాన్ని ఆపలేదు. ఆపేంత గట్టిగా చేస్తే వేలితో తెరవలేం. అందుకే గ్యాస్ డ్రింకులకు మర మూతే దిక్కు. మూత ఊడిపోకుండా ఉండాలంటే మర మూతకే పట్టీ కట్టాలి.

ఇనుప తీగ మీటతో, పింగాణీ బిరడాతో మూసే గాజు సీసా మాత్రం దీనికి మినహాయింపు. ఆ తీగ మీట పద్ధతికి అమెరికాలో 1875లోనే పేటెంటు ఉంది. తీగ మీట ఇచ్చే బిగింపు ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. శుభ్రతలో కూడా అది నాకు నచ్చిన మూత. అన్నీ కంటికి కనిపిస్తాయి, రబ్బరు వాషర్‌ను వేలితో లాగి మార్చుకోవచ్చు.

యూరప్‌లో మూతలు సీసాకే కట్టి ఉంటున్నాయట, అది శుభ్రత కోసమా?

కాదు, చెత్త తగ్గించడం కోసం. సముద్ర తీరాల్లో దొరికే ప్లాస్టిక్‌లో మూతలు బోలెడు ఉంటున్నాయని యూరోపియన్ యూనియన్ 2019లో చట్టం చేసింది. 2024 జూలై 3 నుంచి 3 లీటర్ల వరకు ఉండే ప్లాస్టిక్ పానీయ సీసాలు, డబ్బాలకు వాడినంతసేపూ మూత అంటుకునే ఉండాలి. గాజు, లోహపు సీసాలకు ఇది వర్తించదు. ఇక్కడి నుంచి అక్కడికి సీసాల్లో జ్యూస్ పంపేవాళ్లు తప్పకుండా చూసుకోవాలి. అట్లాంటాలోనో డాలస్‌లోనో ఉన్న మీ అబ్బాయి సీసాకు అలా లేదంటే ఆశ్చర్యపోకండి, ఇది యూరప్ నియమం.

శుభ్రతకు కలిసొచ్చింది యాదృచ్ఛికమే. మూత కింద పడదు. చంటిపిల్లలున్న ఇంట్లో ఇంకో మేలు కూడా ఉంది. చిన్న వస్తువు గొంతులో అడ్డం పడుతుందా అని బొమ్మలను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. మామూలు కూల్‌డ్రింక్ మూత అందులో హాయిగా దూరిపోతుంది. సీసాకే అంటుకుని ఉంటే పిల్లల చేతికి విడిగా దొరకదు.

తాగేటప్పుడు మూత ముక్కుకు తగులుతోంది. ఇదేం డిజైన్?

సగం డిజైన్. మూత తెరుచుకుని ఎక్కడ ఆగుతుందో తేల్చకపోతే అది ముక్కుకు, మీసానికి తగులుతూనే ఉంటుంది. ఇది ఒక్క చిరాకు సంగతి కాదు. చిరాకు పుడితే జనం వేలితో మూతను వెనక్కి పట్టుకుంటారు, లేదా తెంపేస్తారు. వేలు మళ్లీ మూతి దగ్గరికి వచ్చేసింది.

దీనికి రెండు వైపుల రెండు పట్టీలు, మధ్యలో సీతాకోకచిలుక రెక్కల్లాంటి చిన్న స్ప్రింగు భాగం పెడతారు. మూతను సగం దాకా ఎత్తితే మిగతా సగం అదే వెళ్లి వెనక్కి ఆగుతుంది, మూసేటప్పుడు కూడా అంతే. ఆగే కోణం 120 డిగ్రీలు దాటితే ముక్కుకు దూరంగా ఉంటుంది. ఇంకా వెనక్కి పోతే మంచిదే కానీ పట్టీ మీద లాగుడు ఎక్కువవుతుంది.

వేడి పాలు, టీ పోయొచ్చా?

పాలీప్రొపిలీన్ దాదాపు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి వేడికి అదేమీ కాదు. అసలు భయం ఆవిరి. గట్టిగా మూసిన స్ట్రా బాటిల్‌లో వేడి పాలు పోస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మూత ఎత్తగానే పాలు స్ట్రాలోంచి పిల్లాడి ముఖం మీదికి చిమ్ముతాయి. గాలి రంధ్రం లేని మూతలో వేడివి పోయకండి.

వాషర్ ఏది మంచిది?

సిలికాన్ వేడిని తట్టుకుంటుంది, మెత్తగా ఉంటుంది. కానీ వాసనను పట్టేస్తుంది. మామిడి జ్యూస్ పోసిన బాటిల్‌లో వారం తర్వాత నీళ్లు తాగినా మామిడి గుర్తొస్తుంది. అయినా నా ఓటు దానికే, ఒక షరతు మీద. వాషర్‌కు పట్టుకుని లాగడానికి ఒక చిన్న చెవి ఉండాలి. చెవి లేకపోతే జనం ఫోర్కుతోనో పిన్నీసుతోనో పెకిలిస్తారు, వాషర్ గాటు పడుతుంది, ఆ గాటులోనే నలుపు మొదలవుతుంది. వాడి పారేసే సీసాలకైతే వాషరే వద్దు. మూత లోపల పల్చటి ప్లాస్టిక్ రింగు సీసా మూతిలోకి బిరడాలా దిగితే చాలు. వేరే సరుకు కలవదు కాబట్టి రీసైక్లింగుకూ తేలిక.

వెండి కలిపిన యాంటీబ్యాక్టీరియల్ ప్లాస్టిక్ వాడితే సరిపోదా?

సరిపోదు. ఎండిన పాల పొర వెండి మీద కూర్చుంటే పైనున్న క్రిమికి ఆ వెండి తగలదు. ఆ ఖర్చును గుండ్రని మూలల మీద పెట్టండి.

మూతకు ఏ రంగు?

బయట మీ బ్రాండ్ రంగు ఏదైనా పెట్టుకోండి. మూతి, మూత లోపలి వైపు తెలుపో, లేత రంగో, పారదర్శకమో ఉండాలి. నల్ల మూతలో నల్ల బూజు కనిపించదు. నల్ల రంగు చాలా ఖరీదుగా కనిపిస్తుందని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. కనిపిస్తుంది, నిజమే.

సీసా ముందే ఎవరైనా తెరిచారా అని తెలిసేదెలా?

మర మూత కింద రింగు తెగుతుంది కదా, ఫ్లిప్ మూతకూ అలాగే తెగే పట్టీ పెట్టాలి. లేదా నోటికి అల్యూమినియం రేకు సీలు వెయ్యాలి. రేకు వేస్తే లాగే చెవి పెద్దదిగా ఉండాలి. లేకపోతే పళ్లతో కొరుకుతారు.

మన దేశంలో ఏ నియమాలు చూసుకోవాలి?

ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన 2018 ప్యాకేజింగ్ నిబంధనలు. పాలీప్రొపిలీన్‌కు ఐఎస్ (భారతీయ ప్రమాణం) 10910, పాలిథిలీన్‌కు ఐఎస్ 10146. ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగే మొత్తం పదార్థాలు కిలోకు 60 మిల్లీగ్రాములు, లేదా చదరపు డెసిమీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ పరీక్ష పద్ధతి ఐఎస్ 9845లో ఉంది. సరుకు అమ్మే వ్యాపారి నోటిమాటగా ఫుడ్ గ్రేడ్ అంటే చాలదు, బ్యాచ్ నంబరుతో సర్టిఫికెట్ తీసుకోండి. రంగు మాస్టర్‌బ్యాచ్‌కు, అంటే ప్లాస్టిక్‌లో కలిపే చిక్కటి రంగు గుళికలకు, కూడా విడిగా అడగండి. చాలామంది మర్చిపోయేది అదే.

మౌల్డు చేయించే ముందు నేనే ఏమైనా పరీక్షించుకోగలనా?

3డీ ప్రింటు తీయించుకోండి. బందు ప్రింటులో సరిగా పనిచెయ్యదు, దాన్ని పట్టించుకోకండి. చూడాల్సింది తడి. చిక్కటి బీట్‌రూట్ రసం పోసి, మూసి, బాగా ఊపి, ఒక రాత్రి పక్కన పడుకోబెట్టండి. పొద్దున్నే మీ ఇంట్లో రోజూ గిన్నెలు తోమేవాళ్లకే కడగమనండి, మీరు కడగకండి. డిజైన్ చేసినవాడు తన బిడ్డను కడిగినట్టు కడుగుతాడు. తర్వాత తెల్ల టిష్యూ కాగితాన్ని అన్ని మూలల్లోకీ నొక్కి చూడండి. ఎక్కడ ఎర్రగా అంటుకుంటే అక్కడ డ్రాయింగు మార్చాలి. ప్రింటు ఉపరితలం గరుకుగా ఉంటుంది కాబట్టి పైపైన అంటిన మరక కాదు, మూలల్లో నిలిచిన తడి చూడండి.

అసలు మూతలు వచ్చాక రిబోఫ్లేవిన్, అంటే బీ2 విటమిన్, నీళ్లలో కలిపి పూసి, కడిగి, చీకట్లో అతినీలలోహిత లైటు కింద పెట్టండి. మిగిలిన చోటల్లా పసుపుపచ్చగా మెరుస్తుంది. మందుల కంపెనీలు తమ ట్యాంకులను ఇలాగే చూసుకుంటాయి. తర్వాత లీకు పరీక్ష: నీళ్లు నింపి కాగితం మీద 24 గంటలు బోర్లించడం. దానికి మిషను అక్కర్లేదు.

మౌల్డు డిజైన్ నేర్చుకోవాలంటే?

హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. ప్లాస్టిక్ వైపు వెళ్లాలంటే ప్లాస్టిక్ పనులు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ కేంద్రాలు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్నాయి. మెటీరియల్ పరీక్షలు కూడా అక్కడ చేయించుకోవచ్చు.

మా పాప బాటిల్ మూతలో నల్ల చుక్కలు వచ్చాయి. పోతాయా?

ముందు విడదీయండి. వాషర్, స్ట్రా, మేకు, ఊడొచ్చేవన్నీ. గోరువెచ్చటి నీళ్లలో వంట సోడా కలిపి అరగంట నానబెట్టండి, సన్న బ్రష్షుతో రుద్దండి, ఎండలో ఆరబెట్టండి. తడిగా ఉండగా మూత బిగించకండి. బ్లీచింగ్ వాడితే బాగా పల్చన చేసి వాడండి, దానిలో వెనిగర్ కలపకండి, విషవాయువు వస్తుంది. ప్లాస్టిక్ మీది చుక్కలు ఇలా పోతాయి. సిలికాన్ లోపలికి దిగిన నలుపు పోదు. వాషర్, స్ట్రా విడిగా దొరికితే అవి కొత్తవి వెయ్యండి. దొరకని కంపెనీ బాటిల్ అయితే, వచ్చేసారి కొనేముందు స్పేర్ వాషర్ ఉందా అని కొట్టువాణ్ణి అడగండి.